మన సైన్యానికి మొదటి అధిపతి ఎవరు? కీలో ఒకటి, గైడులో ఇంకొకటి

గీత_సత్యనారాయణపురం
నిన్న కోచింగ్‌లో మోడల్ టెస్ట్ పెట్టారు. ప్రశ్న ఇది: "స్వతంత్ర భారత సైన్యానికి మొదటి అధిపతి ఎవరు?" ఆప్షన్లు కరియప్ప, రాజేంద్రసింహ్‌జీ, లాక్‌హార్ట్, మానెక్‌షా. నేను లాక్‌హార్ట్ పెట్టాను. కీలో కరియప్ప అని ఉంది. నా పక్కమ్మాయి రాజేంద్రసింహ్‌జీ పెట్టింది, వాళ్ల గైడు తెచ్చి చూపిస్తే అందులోనూ అలాగే ఉంది. సార్‌ని అడిగితే "ఎక్కువ ఆలోచించకు, బిట్ బ్యాంకులో ఏముంటే అదే పెట్టు" అన్నారు. నెగెటివ్ మార్కులున్న పరీక్షకి ఇలా ఎలా చదవాలి? మార్కు పోతే పోయింది, అసలు సంగతేమిటో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బెంజిసర్కిల్_బాబ్జీ
కరియప్పే. జనవరి 15న ఆర్మీ డే చేసుకునేది ఆయన బాధ్యత తీసుకున్న రోజనే కదా. ఇందులో డౌట్ ఏముంది?

అరండల్‌పేట_అడ్వకేట్
బాబ్జీ గారూ, మొదటి భారతీయుడు ఎవరని అడిగితే కరియప్పే. అలా అడగలేదుగా. ఈ ప్రశ్న మీద కోర్టుకెళ్తే గీత గారి పక్షాన నేను ఫీజు లేకుండా వాదిస్తా.

మాజీ_హవల్దార్_తెనాలి
గీతమ్మా, మీ ఆప్షన్లలో మానెక్‌షా తప్ప మిగతా ముగ్గురూ ఏదో ఒక లెక్కలో మొదటివారే.

1947 ఆగస్టు 15న మన సైన్యానికి కమాండర్-ఇన్-చీఫ్ జనరల్ రాబ్ లాక్‌హార్ట్. ఆ డిసెంబరు ఆఖరుదాకా ఉన్నాడు. 1948 జనవరి 1 నుంచి జనరల్ రాయ్ బుచర్. ఇద్దరూ బ్రిటిష్ వాళ్లే. బుచర్ దగ్గర్నుంచి 1949 జనవరి 15న కరియప్ప గారు తీసుకున్నారు. నాలుగేళ్లు చేసి 1953 జనవరిలో మహారాజ్ రాజేంద్రసింహ్‌జీకి అప్పగించారు. ఆయన ఉండగానే, 1955 ఏప్రిల్ 1న కమాండర్-ఇన్-చీఫ్ పదవిని రద్దు చేసి చీఫ్ ఆఫ్ ది ఆర్మీ స్టాఫ్ అని పెట్టారు. అందుకని ఆఖరి కమాండర్-ఇన్-చీఫ్, మొదటి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ రెండూ ఆయనే. ఆ మే నెలలోనే దిగిపోయారు.

మీ గైడు చెప్పింది ఆ 1955 లెక్క. కీ చెప్పింది మొదటి భారతీయుడి లెక్క. మీరు పెట్టింది తారీఖు లెక్క. ప్రశ్న రాసినాయన ఏ లెక్క అడుగుతున్నాడో రాయలేదు. అక్కడుంది తప్పు.

గీత_సత్యనారాయణపురం
బాబాయ్ గారూ, ఇంత తేలిగ్గా మాకెవరూ చెప్పలేదు. ఇంకొక్కటి చెప్పండి. 1955లో మారింది పేరు ఒక్కటేనా, పని కూడానా?

అరండల్‌పేట_అడ్వకేట్
ఇది నేను చెబుతా. బ్రిటిష్ కాలంలో కమాండర్-ఇన్-చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాత వైస్రాయ్ అంతటివాడు. సైన్యమే కాదు, నౌకాదళం, వైమానిక దళం కూడా అతని కిందే. పైగా వైస్రాయ్ కార్యవర్గంలో సభ్యుడు, అంటే ఒక రకంగా రక్షణ మంత్రి కూడా తనే. ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ ఉంది చూడండి, నెహ్రూ గారు ప్రధానిగా ఉన్న ఇల్లు, అది కట్టింది కమాండర్-ఇన్-చీఫ్ కోసమే. అప్పుడు ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ అనేవారు.

1947 ఆగస్టు 15న మూడు దళాలకీ వేరువేరు అధిపతులొచ్చారు. రాజ్యాంగం 53వ అధికరణంలో మూడు దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి ఇచ్చారు, అదీ చట్టప్రకారం వాడాలని రాశారు. అప్పటికీ కింద ముగ్గురు కమాండర్-ఇన్-చీఫ్‌లు మిగిలారు. 1955లో పార్లమెంటు చట్టం చేసి ఆ హోదా తీసేసింది. ముగ్గురూ సమాన స్థాయిలో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లు అయ్యారు. మన పక్క దేశాల్లో జనరల్స్ ఎన్నిసార్లు గద్దెనెక్కారో చూస్తే ఈ మార్పు విలువ తెలుస్తుంది.

కృష్ణలంక_కిరణ్
అంటే ఇంతకుముందు ఒక్కడి చేతిలో మూడు దళాలూ. మళ్లీ 2020లో సి.డి.ఎస్. (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) పెట్టాం కదా, వెనక్కి వెళ్లినట్టు కాదా?

మాజీ_హవల్దార్_తెనాలి
కాదు కిరణ్. బిపిన్ రావత్ గారు 2020 జనవరి 1న మొదటి సి.డి.ఎస్. అయ్యారు. ముగ్గురు చీఫ్‌ల మీద ఆయనకి ఆపరేషన్ల కమాండ్ ఇవ్వలేదు. కొనుగోళ్లు, శిక్షణ, మూడు దళాలూ కలిసి పనిచేయడం, అవి చూస్తారు. పాత కమాండర్-ఇన్-చీఫ్‌తో పోలికే లేదు. పాపం రావత్ గారు 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ అన్నం తినలేదు.

పటమట_ప్రసాద్
హవల్దార్ గారి మీద గౌరవంతోనే ఒక మాట. లాక్‌హార్ట్‌నీ, బుచర్‌నీ మన సైన్యాధిపతుల లిస్టులో పెట్టడం నాకు నచ్చదు. వాళ్లు జీతానికి మిగిలిపోయినవాళ్లు. కశ్మీర్‌లో మనవాళ్లు చచ్చిపోతుంటే అటు పాకిస్తాన్ సైన్యానికీ బ్రిటిష్ వాడే, ఇటు మనకీ బ్రిటిష్ వాడే. వాళ్లకి గెలవాలని ఎందుకుంటుంది?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
ప్రసాద్ గారి కోపం న్యాయమైనదే. 1947 అక్టోబరులో జిన్నా కశ్మీర్‌లోకి సైన్యాన్ని పంపమంటే అక్కడి తాత్కాలిక చీఫ్ గ్రేసీ ఒప్పుకోలేదు. రెండు సైన్యాల మీదా సుప్రీం కమాండర్‌గా ఉన్న ఫీల్డ్ మార్షల్ అకిన్‌లెక్ లాహోర్ వెళ్లి, అదే చేస్తే బ్రిటిష్ అధికారులందర్నీ వెనక్కి పిలుస్తానని చెప్పాడు. అలా అది మనకి కలిసొచ్చింది. తర్వాత అదే పద్ధతి మన చేతులకీ అడ్డం పడింది.

కానీ లిస్టులోంచి తీసేస్తే ఆ పదిహేడు నెలలు ఎవరు నడిపారంటే ఏం చెబుతాం? చరిత్రలో నచ్చనివాళ్ల పేర్లు కూడా రాయాలి. పాకిస్తాన్‌కి సొంత మనిషి అయూబ్ ఖాన్ వచ్చింది 1951 జనవరిలో, మనకంటే రెండేళ్లు ఆలస్యంగా. ఎనిమిదేళ్లు తిరక్కుండా ఆయనే దేశాధినేత అయ్యాడు.

పటమట_ప్రసాద్
పేరు రాయండి, వద్దనను. "మన" అనకండి అంతే.

బెంజిసర్కిల్_బాబ్జీ
సరే, కశ్మీర్ దూరం. మన బెజవాడకి ఈ కథలో ఏమైనా చోటుందా?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
ఉంది, గట్టిగానే ఉంది. 1948 సెప్టెంబరు 13న హైదరాబాద్ మీదికి సైన్యం కదిలినప్పుడు రెండు పెద్ద దారులు. పడమట షోలాపూర్ నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి. తూర్పున మన విజయవాడ వైపు నుంచి మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర. ఇప్పుడు మనం బస్సెక్కి కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్తామే, ఆ వైపే. 17న నిజాం లొంగిపోయాడు, 18న నిజాం సేనాపతి ఎల్ ఎద్రూస్ చౌదరికి సైన్యాన్ని అప్పగించాడు.

ఇక్కడే చీఫ్‌ల కథ అల్లుకుంటుంది. ఢిల్లీలో కమాండర్-ఇన్-చీఫ్ బుచర్. దక్షిణ కమాండ్ అధిపతిగా ఈ ఆపరేషన్ మొత్తం చూసింది రాజేంద్రసింహ్‌జీ. షోలాపూర్ దళం నడిపిన చౌదరి పద్నాలుగేళ్ల తర్వాత చీఫ్. అదే ఏడాది కశ్మీర్ వైపు చూడండి. పశ్చిమ కమాండ్‌లో కరియప్ప. ఆయన కింద కోర్ కమాండర్ శ్రీనగేష్, డివిజన్ కమాండర్ తిమ్మయ్య. మిలిటరీ ఆపరేషన్స్‌లో మానెక్‌షా. 1949 నుంచి 1973 దాకా చీఫ్‌లైన వాళ్లలో ఆరుగురు ఆ రెండు పోరాటాల్లోనే ఉన్నారు. బిట్ బ్యాంకులో ఒకరి కింద ఒకరు పేర్లుగా చదివితే ఇది కనబడదు. ఒకరి చేతి కింద ఒకరు తయారయ్యారు.

మంగళగిరి_మధు
ఈ పోస్టు ప్రింటు తీసుకుంటున్నా. మా జేజమ్మ చెప్పేది, నైజాం గ్రామాల నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని బెజవాడ వచ్చేవారని, రజాకార్ల భయంతో. మిలిటరీ లారీలు పోతుంటే రోడ్డు పక్కన నిలబడి మజ్జిగ ఇచ్చామని చెప్పేది.

గీత_సత్యనారాయణపురం
తిమ్మయ్య గారంటే జోజిలా దగ్గరికి ట్యాంకులు ఎక్కించినాయనేనా?

మాజీ_హవల్దార్_తెనాలి
ఆయనే. 1948 నవంబరు 1. పదకొండు వేల అడుగులు దాటిన కనుమ మీదికి 7వ లైట్ కావల్రీ స్టూవర్ట్ ట్యాంకులు ఎక్కాయి. అంత ఎత్తులో ట్యాంకులు వస్తాయని అవతలివాళ్లు కలలో కూడా అనుకోలేదు. అప్పటికే ఆయనకి పేరుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో యుద్ధరంగంలో బ్రిగేడ్ నడిపిన మొదటి భారతీయుడు. కొరియా యుద్ధం తర్వాత ఖైదీల అప్పగింత చూసిన తటస్థ దేశాల కమిషన్‌కి అధ్యక్షుడు. చివరికి సైప్రస్‌లో ఐక్యరాజ్య సమితి దళాలకు కమాండర్‌గా ఉండగా 1965 డిసెంబరులో అక్కడే చనిపోయారు. జవాన్లు ఆయన పేరు చెబితే ఇప్పటికీ నిలబడతారు.

నరసరావుపేట_నాని
మా వాట్సాప్ గ్రూపులో ఒకటి తిరుగుతోంది. 1948లో తిమ్మయ్య ఆర్మీ చీఫ్‌గా కశ్మీర్ గెలిచాక రక్షణ మంత్రి కృష్ణమీనన్ అవమానిస్తే రాజీనామా చేశాడని. నిజమా?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
రెండు సంఘటనలు కలిపేశారు నానీ. 1948లో చీఫ్ బుచర్, రక్షణ మంత్రి బల్దేవ్ సింగ్. మీనన్ రక్షణ మంత్రి అయింది 1957 ఏప్రిల్‌లో, తిమ్మయ్య చీఫ్ అయింది ఆ మే నెలలో. రాజీనామా నిజమే, అది 1959 ఆగస్టు ఆఖర్లో. మీనన్‌తో పడక, ప్రమోషన్ల విషయంలో జోక్యం చేసుకుంటున్నాడని. నెహ్రూ పిలిచి మాట్లాడితే వెనక్కి తీసుకున్నారు. 1961 మే దాకా కొనసాగారు.

పటమట_ప్రసాద్
వెనక్కి తీసుకోకుండా ఉండాల్సింది. ఆ ఒక్క రాజీనామా నిలబడితే దేశం మేలుకునేది. 1962 చైనా యుద్ధంలో ఓటమి తప్పేది.

మంగళగిరి_మధు
ప్రసాద్ అన్నా, అది చెప్పడం తేలిక. జనరల్ రాజీనామాతో ప్రభుత్వాన్ని దారికి తెచ్చుకోవడం మొదలైతే, పైన అడ్వకేట్ గారు చెప్పిన ఆ 1955 మార్పుకి విలువేముంది? ఆయన వెనక్కి తగ్గింది భయపడి కాదని నేను నమ్ముతా.

పటమట_ప్రసాద్
భయం అనలేదు తమ్ముడూ. ఆయన తర్వాత వచ్చిన థాపర్ హయాంలో ఏం జరిగిందో చూడు.

అరండల్‌పేట_అడ్వకేట్
థాపర్ మీద అందరూ రాయి వేస్తారు. ఒక్క విషయం చూడండి. 1962 సెప్టెంబరు 22న, ఈశాన్య సరిహద్దులో థాగ్ లా దగ్గర చైనా వాళ్లని తరిమేయమన్నప్పుడు, ఆ ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వమని థాపర్ అడిగారు. రక్షణ శాఖ జాయింట్ సెక్రటరీ సంతకంతో ఒక కాగితం ఇచ్చారు. ఒక సైన్యాధిపతి యుద్ధానికి దిగే ముందు కాగితం అడిగాడంటే మనసులో ఎంత సందేహం ఉందో అర్థం చేసుకోవాలి. నా వృత్తిలో అలాంటి కాగితాలు చాలా చూశాను. మంచిరోజుల్లో ఎవరూ అడగరు.

పటమట_ప్రసాద్
సందేహం ఉన్నవాడు ఆ రోజే రాజీనామా చేయాలి. కాగితం జేబులో పెట్టుకుని జవాన్లని ఆ చలిలోకి, పాత రైఫిళ్లతో పంపకూడదు. ఇందులో నేను మారను.

మాజీ_హవల్దార్_తెనాలి
ప్రసాద్ బాబూ, ఆ బాధ మాకూ ఉంది. నేను చేరేనాటికి 1962 చూసిన పాత సుబేదార్లు ఉండేవారు. నూలు దుస్తులతో పన్నెండు, పద్నాలుగు వేల అడుగుల మీద నిలబడ్డారు వాళ్లు. థాపర్ గారు నవంబరు 19న పదవి వదిలారు. రెండు రోజుల్లో చైనా తనంతట తానే కాల్పులు ఆపింది. అప్పుడు వచ్చినవాడే మన షోలాపూర్ చౌదరి.

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
చౌదరి వేయించిన విచారణే హెండర్సన్ బ్రూక్స్, భగత్‌ల నివేదిక. 1963లో ఇచ్చారు. ప్రభుత్వం ఇప్పటికీ దాన్ని అధికారికంగా బయటపెట్టలేదు. అందులో రెండో పేరు గుర్తుపెట్టుకోండి, ప్రేమ్ భగత్. రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న మొదటి భారతీయ అధికారి. 1941లో అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) దారుల్లో మందుపాతరలు తీసి దారి చేసినవాడు. ఆయన చీఫ్ అవుతాడని సైన్యం మొత్తం అనుకుంది. అప్పటి చీఫ్ బేవూర్ గారికి పదవీకాలం పొడిగించారు. ఈలోపు భగత్ రిటైరయ్యారు, 1975లో పోయారు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాధ కలిగించే చోటు ఇదే.

కృష్ణలంక_కిరణ్
అంటే సీనియారిటీ ప్రకారం ఇవ్వరా? మా ఆఫీసులో కూడా ఇదే గోల.

అరండల్‌పేట_అడ్వకేట్
సీనియర్‌కే ఇవ్వాలని రూలు లేదు, ఆనవాయితీ ఉంది. నిర్ణయం కేబినెట్ నియామకాల కమిటీది. మూడేళ్లు లేదా 62 ఏళ్ల వయసు, ఏది ముందొస్తే అప్పుడు దిగాలి. 1983లో ఎస్.కె. సిన్హాని దాటి వైద్యకి ఇచ్చారు, సిన్హా ఉద్యోగం వదిలేశారు. 2016లో ఇద్దరు సీనియర్లను దాటి రావత్‌కి ఇచ్చారు. రెండుసార్లూ పెద్ద చర్చ జరిగింది.

బెంజిసర్కిల్_బాబ్జీ
ఇంత మాట్లాడారు, మానెక్‌షా గారి గురించి ఎవరూ అనరేం? నా దృష్టిలో ఆయన తర్వాతే ఎవరైనా. 1971, పదమూడు రోజులు, 93,000 మంది ఖైదీలు, ఒక కొత్త దేశం. ఇంకేం కావాలి?

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
ఎవరు కాదంటారు? ఏప్రిల్‌లోనే తూర్పు పాకిస్తాన్‌లోకి (ఇప్పటి బంగ్లాదేశ్) వెళ్లమంటే, వానాకాలం వస్తోంది, నదులు పొంగుతాయి, దళాలు సిద్ధంగా లేవు, నాకు టైమివ్వండి అని ప్రధాని ముందు చెప్పగలిగాడు. చలికాలం వస్తే హిమాలయ కనుమలు మంచుతో మూసుకుంటాయి, చైనా రాలేదు అని లెక్క వేశాడు. అది గొప్పతనం.

కానీ ఆయన యుద్ధం చేసిన సైన్యం ఎక్కణ్నుంచి వచ్చింది? 1962 దెబ్బ తర్వాత సైన్యాన్ని 8,25,000కి పెంచాలని, పర్వత డివిజన్లు పది కావాలని ప్లాను వేశారు. అది చౌదరి హయాం. ఆయన తర్వాతి చీఫ్ కుమారమంగళం దాన్ని ముందుకు తీసుకెళ్లారు. 1971లో తూర్పున పోరాడిన డివిజన్లలో ఎక్కువ ఆ పర్వత డివిజన్లే. చైనా కోసం తయారు చేసినవి బంగ్లా నదుల మీద పనికొచ్చాయి. పంట కోసినవాడికి దండ వేస్తాం, నాటు వేసినవాడి పేరు కూడా చెప్పాలి కదా.

పటమట_ప్రసాద్
చౌదరికి అంత పేరు ఇవ్వకండి. 1965లో బియాస్ నది వెనక్కి రమ్మన్నాడని, కాదన్నది తనేనని అప్పటి పశ్చిమ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ గారు తర్వాత చెప్పారు. మందుగుండు అయిపోవచ్చిందని శాస్త్రి గారికి చెప్పాడు. తర్వాత లెక్క చూస్తే ముందువరుస మందుగుండులో 14 శాతమే వాడారని తేలింది. ఇంకొన్నాళ్లు పోరాడే అవకాశం ఆ ఒక్క మాటతో పోయింది.

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
అది నిజం. యుద్ధరంగంలో ఆయన తడబాటు నిజం, సైన్యాన్ని తిరిగి నిలబెట్టిందీ నిజం. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు.

మంగళగిరి_మధు
మానెక్‌షా గారి మీద 1962కి ముందు ఎంక్వయిరీ వేశారట కదా?

మాజీ_హవల్దార్_తెనాలి
వేశారు. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు. ఏ తప్పూ లేదని తేలింది. చైనా యుద్ధంలో ఓడి చెదిరిన 4వ కోర్‌ని సర్దడానికి పంపించింది ఆయన్నే. డెహ్రాడూన్ ఐ.ఎం.ఏ. (ఇండియన్ మిలిటరీ అకాడమీ) మొదటి బ్యాచ్, 1932. ఆయన ముందున్న భారతీయ చీఫ్‌లంతా బ్రిటన్ రాజు కమిషన్ తీసుకున్నవాళ్లు. ఐ.ఎం.ఏ.లో శిక్షణ పొంది చీఫ్ అయిన మొదటివాడు ఆయనే. ఇంకో మొదటి లెక్క కావాలంటే, గీతమ్మా, స్వాతంత్ర్యం వచ్చాక కమిషన్ తీసుకుని చీఫ్ అయిన మొదటివారు 1988లో వచ్చిన వి.ఎన్. శర్మ. మొదటి పరమవీరచక్ర మేజర్ సోమనాథ్ శర్మకి తమ్ముడు.

పద్మజ_నగరాలు
ఈ థ్రెడ్ మొదటినుంచీ చదువుతున్నా. ఒక్కరూ కృష్ణారావు గారి పేరు ఎత్తలేదు, అందుకే రాస్తున్నా. జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు. మన తెలుగువాడు, 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 దాకా భారత సైన్యాధిపతి. మా పిల్లల పాఠాల్లో ఆయన పేరు నాకు కనిపించలేదు. క్రికెటర్ల పేర్లు, హీరోల పేర్లు అడగండి, మన వీధిలో పిల్లలు గడగడా చెబుతారు.

మా నాన్న 1971లో తూర్పు సెక్టార్‌లో జవాను. 8వ పర్వత డివిజన్. దాని కమాండర్ అప్పటి మేజర్ జనరల్ కృష్ణారావు. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హట్ వైపు వెళ్లింది ఆ డివిజనే. హెలికాప్టర్లలో గూర్ఖా బెటాలియన్‌ని సిల్హట్ దగ్గర దించారు. వాళ్లు కొన్నిరోజులు అక్కడ చుట్టుముట్టిన శత్రువు మధ్య నిలబడి పట్టుకున్నారు, ఆఖరికి సిల్హట్ దండు మొత్తం లొంగిపోయింది. మా నాన్న మానెక్‌షా పేరు తక్కువ, కృష్ణారావు గారి పేరు ఎక్కువ చెప్పేవారు. "మా జనరల్ తెలుగులో పలకరించాడు" అని ఎన్నేళ్లు చెప్పుకున్నారో. మద్రాసు నుంచి రైలెక్కి ఎక్కడో అస్సాం కొండల్లో పడ్డ కుర్రాడికి ఆ పలకరింపు ఎంతటిదో ఊహించండి.

గీత_సత్యనారాయణపురం
పద్మజక్కా, నిజంగా నాకు తెలియదు. చీఫ్‌గా ఆయన ఏం చేశారు? యుద్ధం జరగలేదుగా అప్పుడు.

లెనిన్‌సెంటర్_పాతపుస్తకాలు
అసలు పని చీఫ్ కాకముందే చేశారు. 1975లో సైన్యాన్ని ఎలా మార్చాలో చెప్పమని ఒక నిపుణుల కమిటీ వేశారు, అధ్యక్షుడు కృష్ణారావు. కాలినడక దళాల్ని యంత్రాల మీదికి ఎక్కించడం, ట్యాంకులతో సమానంగా పరిగెత్తే పదాతిదళం, ఈ ఆలోచనలకి ఆ కమిటీ గట్టి పునాది. అందులో పనిచేసిన ఒక అధికారి కె. సుందర్‌జీ. 1979లో మెకనైజ్డ్ ఇన్ఫంట్రీ రెజిమెంట్ పుట్టింది. 1986లో ఆ సుందర్‌జీయే చీఫ్. అందరూ సుందర్‌జీని ఆధునికీకరణ మనిషి అంటారు. సరే, కానీ ఆ పునాది కమిటీకి పెద్ద కృష్ణారావు గారు. ఇంకో విశేషం, ఇద్దరూ మహార్ రెజిమెంట్ వాళ్లే.

మాజీ_హవల్దార్_తెనాలి
రిటైరయ్యాక నాగాలాండ్, మణిపూర్, త్రిపుర గవర్నరు. తర్వాత జమ్మూకశ్మీర్‌కి రెండుసార్లు, 1989లో కొన్ని నెలలు, మళ్లీ 1993 నుంచి 1998 దాకా. కశ్మీర్ మండుతున్న రోజులు అవి. 1996లో అక్కడ అసెంబ్లీ ఎన్నికలు జరిగింది ఆయన గవర్నర్‌గా ఉన్నప్పుడే. ప్రాణానికి తెగించి చేసిన పని. 2016 జనవరి 30న ఢిల్లీలో పోయారు. 92 ఏళ్లు.

కృష్ణలంక_కిరణ్
అయితే తెలుగువాళ్లలో ఒక్కరేనా చీఫ్? శ్రీనగేష్ గారు కూడా మనవాడే అంటారు.

అరండల్‌పేట_అడ్వకేట్
శ్రీనగేష్ గారు కొల్హాపూర్‌లో పుట్టారు. తండ్రి హైదరాబాద్‌లో నిజాంకి వైద్యుడు. హైదరాబాద్‌తో బంధం గట్టిది. 1955 నుంచి 1957 దాకా చీఫ్. రిటైరయ్యాక హైదరాబాద్‌లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్. 1962 సెప్టెంబరు నుంచి 1964 మే దాకా మన ఆంధ్రప్రదేశ్ గవర్నరు. చైనా యుద్ధం జరిగినప్పుడు రాజ్‌భవన్‌లో ఉన్నది ఒక మాజీ సైన్యాధిపతి అన్నమాట. మనవాడు అనుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

పద్మజ_నగరాలు
అనుకోండి, ఇద్దర్నీ అనుకోండి. కానీ అనుకోవడం దగ్గర ఆపకండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, మిలిటరీ మాధవరం అంటారు, రెండు ప్రపంచ యుద్ధాల నుంచీ తరతరాలుగా సైన్యానికి పిల్లల్ని పంపిన ఊరు. గుంటూరులో రిక్రూటింగ్ ఆఫీసు ఉంది, ర్యాలీ పెడితే ప్రకాశం, నెల్లూరు నుంచి కూడా కుర్రాళ్లు రాత్రే వచ్చి రోడ్డు మీద పడుకుంటారు. ఆ పిల్లలకి ఒక తెలుగువాడు ఆ సైన్యానికి అధిపతి అయ్యాడని ఎవరైనా చెప్పాలా వద్దా?

నరసరావుపేట_నాని
అక్కా, నేను పోయినసారి ర్యాలీలో రన్నింగ్ పాసయ్యా. మెడికల్‌లో ఆగిపోయా. మళ్లీ వెళ్తున్నా. కృష్ణారావు గారి పేరు నిజంగా ఇప్పుడే విన్నా. మా గ్రౌండ్‌లో పొద్దున్నే ప్రాక్టీస్ చేసేవాళ్లందరికీ చెబుతా.

పద్మజ_నగరాలు
బంగారం, తప్పకుండా వెళ్లు. మెడికల్ ఎందుకు ఆగిందో ముందు డాక్టరుకి చూపించుకో, ర్యాలీ దాకా ఆగకు.

బెంజిసర్కిల్_బాబ్జీ
కరియప్ప గారి గురించి ఒకటి. 1965లో ఆయన కొడుకు యుద్ధవిమానం కూలి పాకిస్తాన్‌కి దొరికాడు. అయూబ్ ఖాన్ ఒకప్పుడు ఆయన కింద పనిచేసినవాడు, కొడుకుని వదిలేస్తానని కబురు పెట్టాడు. వాళ్లంతా నా బిడ్డలే, వదిలితే అందర్నీ వదులు అన్నారట పెద్దాయన. ఇది చదివినప్పుడల్లా నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. ఫీల్డ్ మార్షల్ ఇచ్చింది మాత్రం 1986లో, దిగిపోయిన 33 ఏళ్లకి. మానెక్‌షాకి 1973లోనే ఇచ్చారు.

పటమట_ప్రసాద్
ఆ విషయంలో మీతో ఏకీభవిస్తా బాబ్జీ గారూ. ఆలస్యమే. అయినా బతికుండగా ఇచ్చారు.

కృష్ణలంక_కిరణ్
సుందర్‌జీ గురించి ఇంకా మాట్లాడాలి. 1986-87 బ్రాస్‌టాక్స్ విన్యాసాలు, శ్రీలంకకి శాంతిసేన, బోఫోర్స్ ఫిరంగులు, అన్నీ ఆయన రెండేళ్లలోనే. ఇందులో కలిపితే కలగాపులగం అవుతుంది. వేరే థ్రెడ్ తెరుస్తున్నా.

పటమట_ప్రసాద్
తెరువు. శ్రీలంక మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

మాజీ_హవల్దార్_తెనాలి
నేను 1988లో జాఫ్నాలో ఉన్నాను. తెరవగానే రాస్తా.